కార్చిచ్చు బాధితులకు సాయం: రెడ్‌క్రాస్, లోకల్ ఫౌండేషన్, గోఫండ్‌మీ, మన సంఘం – డబ్బు ఎటు పంపాలి?

2025 జనవరి 7న లాస్ ఏంజెలెస్ కౌంటీలో పాలిసేడ్స్, ఈటన్ మంటలు ఒకే రోజు మొదలయ్యాయి. నెలాఖరుకు పూర్తిగా అదుపులోకి వచ్చేసరికి 16 వేలకు పైగా కట్టడాలు పోయాయి. ఆల్టడీనాలో వీధులకు వీధులే బూడిదయ్యాయి. అంతకు ముందు 2023 ఆగస్టులో మావీ దీవిలోని లహైనా, 2018 నవంబరులో ఉత్తర కాలిఫోర్నియాలోని ప్యారడైజ్ పట్టణం ఇలాగే తుడిచిపెట్టుకుపోయాయి. మంటలు రేగిన ప్రతిసారీ మన వాట్సాప్ గ్రూపుల్లోకి లింకులు వరసకడతాయి. ఒకరు రెడ్‌క్రాస్ అంటారు, ఒకరు గోఫండ్‌మీ (ఆన్‌లైన్‌లో చందాలు పోగుచేసే సైటు) లింకు పెడతారు, ఇంకొకరు "నాకు జెల్ (బ్యాంకు ఖాతాల మధ్య డబ్బు పంపే పద్ధతి) చేయండి, అందరివీ కలిపి పంపిస్తా" అంటారు. ఎవరి మాట వినాలో తేలక రెండు రోజులు ఆగి, చివరికి కంటికి కనపడ్డ లింకు నొక్కేస్తాం. మోసగాళ్లకు కావలసింది కూడా అదే.

ఈ దారులన్నీ ఒకే పనికి ఉద్దేశించినవి కావు. ఒకటి మొదటి వారానికి పనికొస్తుంది, ఒకటి రెండో ఏడాదికి. తనిఖీ చేసే పద్ధతీ మారుతుంది. సంస్థను కాగితాల మీద తనిఖీ చేయాలి, మనిషిని మనుషుల ద్వారా తనిఖీ చేయాలి. ఈ రెండూ తారుమారైన చోటే ఎక్కువమంది మోసపోతారు. గోఫండ్‌మీ పేజీకి పన్ను నంబరు అడిగి లాభం లేదు. సంస్థ విషయంలో "మా ఫ్రెండ్‌కి తెలుసట" అన్న మాట చాలదు.

## ముందు తేల్చుకోవాల్సినవి

డబ్బు ఎప్పటికి చేరాలి? మంటల తరువాతి అవసరాలు మూడు దశల్లో వస్తాయి. మొదటి రెండు వారాలు తల దాచుకోవడానికి చోటు, తిండి, మందులు, మాస్కులు కావాలి. ఆ తరువాత ఆరేడు నెలలు అద్దె అసలు సమస్య. ఇంటి బీమా ఉన్నవాళ్లకు తాత్కాలిక నివాసం ఖర్చు పాలసీలోనే కొంత వస్తుంది. అద్దె ఇళ్లలో ఉండి, రెంటర్స్ బీమా తీసుకోనివాళ్లకు బీమా నుంచి ఏమీ రాదు. మూడో దశ రెండేళ్లో, ఐదేళ్లో సాగుతుంది: బీమా ఇచ్చేదానికీ ఇల్లు కట్టడానికి అయ్యేదానికీ ఉన్న తేడా, పర్మిట్లు, మట్టిలో సీసం పరీక్షలు, మానసిక ఆరోగ్యం. విరాళాలు వెల్లువెత్తేది మొదటి దశలో, డబ్బు కరువయ్యేది మూడో దశలో.

ఎవరికి చేరాలి? ఇల్లు పోయినవాళ్ల ఫొటోలు కనిపిస్తాయి. ఆ ఇళ్లలో పనిచేసే తోటమాలులు, పిల్లల్ని చూసుకునే ఆయాలు, ఇళ్లు శుభ్రం చేసేవాళ్లు కూడా ఆ రోజుతోనే ఉపాధి పోగొట్టుకుంటారు. వాళ్ల పేరు మీద గోఫండ్‌మీ పేజీ చాలా అరుదు.

తేడా వస్తే డబ్బు వెనక్కి వస్తుందా? ఇది ఎవరికి ఇచ్చారన్న దానికంటే ఎలా ఇచ్చారన్న దాని మీద ఎక్కువగా ఆధారపడుతుంది. క్రెడిట్ కార్డయితే స్టేట్‌మెంట్ వచ్చిన 60 రోజుల్లోగా బ్యాంకుకు రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పే హక్కు చట్టంలోనే ఉంది. జెల్ చేస్తే నిమిషాల్లో అవతలి ఖాతాలో పడుతుంది, మీరే నొక్కి పంపారు కాబట్టి తిరిగి రాబట్టడం చాలా కష్టం. వైర్, క్రిప్టో, గిఫ్ట్ కార్డు కోడ్‌లు ఇచ్చాక ఇక ఆశ వదులుకోవాల్సిందే.

పన్ను, కంపెనీ మ్యాచింగ్. అమెరికా పన్నుల శాఖ ఐఆర్‌ఎస్ నుంచి 501(సి)(3) (స్వచ్ఛంద సంస్థ) గుర్తింపు ఉన్న సంస్థకు ఇస్తేనే పన్ను మినహాయింపు, మ్యాచింగ్ వర్తిస్తాయి. మన ఐటీ ఉద్యోగులకు మ్యాచింగ్ చాలా పెద్ద విషయం. మైక్రోసాఫ్ట్ లాంటి కంపెనీలు ఏడాదికి వేల డాలర్ల దాకా మీరిచ్చినంత తామూ ఇస్తాయి.

మధ్యలో కోత. అందరూ మొదట అడిగేది ఇదే, నిజానికి దీన్ని చివర చూడాలి. పరిపాలన ఖర్చు రెండు శాతం తక్కువని తప్పు సంస్థను ఎంచుకోవడం కంటే, అద్దె సాయం నిజంగా పంచగలిగే సిబ్బంది ఉన్న సంస్థకు ఇవ్వడం నయం. లెక్కలు చూసే మనిషి ఉంటేనే కదా చెక్కు సరైన ఇంటికి వెళ్లేది.

## ఒక్క చూపులో

| దారి | ఏ దశకు | తనిఖీ ఎలా | పన్ను, మ్యాచింగ్ | ప్రధాన లోపం |
|---|---|---|---|---|
| రెడ్‌క్రాస్ వంటి జాతీయ సంస్థ | మొదటి వారాలు | ఐఆర్‌ఎస్ జాబితా, సొంత వెబ్‌సైట్ | ఉంటాయి | ఎవరికి చేరిందో మీకు తెలీదు |
| లోకల్ కమ్యూనిటీ ఫౌండేషన్ | నెలలు, ఏళ్లు | ఐఆర్‌ఎస్, రాష్ట్ర రిజిస్ట్రీ | ఉంటాయి | నెమ్మది |
| ఒకే పని చేసే స్థానిక సంస్థ | తిండి, కార్మికులు, జంతువులు – పనిని బట్టి | ఐఆర్‌ఎస్, రాష్ట్ర రిజిస్ట్రీ | ఉంటాయి | ఆ పనికి మాత్రమే |
| గోఫండ్‌మీలో కుటుంబం | వెంటనే | తెలిసిన మనిషి, నష్టం పటం | ఉండవు | పరిచయాలు ఉన్నవాళ్లకే ఎక్కువ |
| తెలుగు సంఘం, గుడి, వాట్సాప్ చందా | సందర్భాన్ని బట్టి | సంఘం గుర్తింపు, ఖాతా ఎవరిది | సంఘాన్ని బట్టి | లెక్క చెప్పేవాళ్లు ఉండరు |
| వస్తువులు | దాదాపు ఎప్పుడూ వద్దు | – | రసీదు కష్టం | పంచడం కంటే సర్దడం ఎక్కువ పని |

## జాతీయ సంస్థలు: మొదటి వారానికి

మంటలు రేగిన రాత్రే మంచాలు, దుప్పట్లతో షెల్టర్ తెరవగలిగింది ఇలాంటి సంస్థే. 2025లో పాసడీనా కన్వెన్షన్ సెంటర్‌లో షెల్టర్ నడిపింది రెడ్‌క్రాసే. వేడి భోజనాలకు వరల్డ్ సెంట్రల్ కిచెన్, మాస్కులు, మందులకు శాంటా బార్బరాలో ఉన్న డైరెక్ట్ రిలీఫ్ ఉన్నాయి. ఇవన్నీ డబ్బు రాకముందే పని మొదలుపెట్టి, తరువాత విరాళాలతో పూడ్చుకుంటాయి. వీసా స్థితి అడగకుండా షెల్టర్ ఇవ్వడం కూడా ఒక మంచి సంగతి.

ఇక్కడ జరిగే పొరపాటు ఒకటుంది. డొనేషన్ పేజీలో "అవసరం ఎక్కడుంటే అక్కడికి", "డిజాస్టర్ రిలీఫ్", ఫలానా మంటల పేరు – ఇలా రెండు మూడు పద్దులు ఉంటాయి. మొదటిది ఎంచుకుని, "నా డబ్బు కాలిఫోర్నియాకు వెళ్లలేదు" అంటే కుదరదు. ఆ మంటలకే వెళ్లాలనుకుంటే ఆ పద్దు ఎంచుకోండి, చెక్కు అయితే మెమో గీతలో పేరు రాయండి. 2001 సెప్టెంబరు దాడుల తరువాత రెడ్‌క్రాస్ తన లిబర్టీ ఫండ్‌లో కొంత భాగాన్ని వేరే అవసరాలకు దాచాలనుకుని పెద్ద గొడవలో పడింది, చివరికి మొత్తం బాధితులకే ఇస్తామని ప్రకటించాల్సి వచ్చింది. ఆ తరువాత నుంచి ఈ పద్దుల్ని దాతలు శ్రద్ధగా చూస్తున్నారు, మీరూ చూడండి.

90999 నంబరుకు మెసేజ్ పెడితే పది డాలర్లు ఫోన్ బిల్లులో కలిసే పద్ధతి రెడ్‌క్రాస్‌కు నిజంగానే ఉంది. కానీ నంబరును ఫార్వర్డ్ మెసేజ్‌లోంచి కాకుండా సంస్థ సైటులోంచి తీసుకోండి. ఒక్క అంకె మారినా డబ్బు వేరేచోటికి పోతుంది.

## లోకల్ ఫౌండేషన్: ఓపిక ఉన్న డబ్బు

కాలిఫోర్నియా కమ్యూనిటీ ఫౌండేషన్ 1915 నుంచి లాస్ ఏంజెలెస్‌లో ఉంది, దాని కార్చిచ్చు నిధి 2003 నుంచి నడుస్తోంది. పాసడీనా కమ్యూనిటీ ఫౌండేషన్ ఈటన్ మంటల కోసమే ప్రత్యేక నిధి పెట్టింది. మావీకి హవాయి కమ్యూనిటీ ఫౌండేషన్ వారి మావీ స్ట్రాంగ్ ఫండ్, ప్యారడైజ్‌కు నార్త్ వ్యాలీ కమ్యూనిటీ ఫౌండేషన్ ఇదే పని చేశాయి. ఇవి నేరుగా బాధితుడి చేతిలో డబ్బు పెట్టవు. ఏ పేటలో ఏ చిన్న సంస్థ నిజంగా పనిచేస్తోందో తెలుసుకుని వాటికి గ్రాంట్లు ఇస్తాయి. మూడో దశకు డబ్బు మిగిలేది వీటి దగ్గరే.

నెమ్మదిగా ఇస్తారన్నది నిజమైన ఫిర్యాదే. 2025 జనవరి 30న జరిగిన ఫైర్‌ఎయిడ్ కచేరీకి సుమారు 10 కోట్ల డాలర్లు వచ్చాయి. అది సంస్థలకు గ్రాంట్లుగా వెళ్లింది. "ఆ డబ్బు మా దాకా రాలేదు" అని చాలామంది బాధితులు బహిరంగంగానే నిలదీశారు. ఇచ్చేవాళ్లు అనుకున్నది ఒకటి, నిర్వాహకులు మొదటి నుంచీ పెట్టుకున్న పద్ధతి ఒకటి. దీనికి పూర్తి భిన్నంగా మావీలో ఓప్రా విన్‌ఫ్రే, డ్వేన్ జాన్సన్ మొదలుపెట్టిన పీపుల్స్ ఫండ్ ఆఫ్ మావీ, ఇల్లు పోయిన పెద్దవాళ్లకు నెలకు 1,200 డాలర్ల చొప్పున నేరుగా ఖాతాల్లో వేసింది. రెండింటిలో ఏది మంచిదన్న వాదనలోకి దిగక్కర్లేదు. ఇచ్చేముందు ఆ నిధి పేజీలో "గ్రాంట్లు సంస్థలకా, కుటుంబాలకా" అన్న ఒక్క వాక్యం వెతకండి. నేరుగా చేతికి అందాలన్నది మీ కోరికైతే గ్రాంట్ నిధికి ఇచ్చి తరువాత బాధపడటం వృథా.

ఒకే పని చేసే సంస్థలు ఈ కోవలోనే ఇంకాస్త సూటిగా ఉంటాయి. కూలీల గురించి ఆలోచించేవాళ్లకు నేషనల్ డే లేబరర్ ఆర్గనైజింగ్ నెట్‌వర్క్, దానితో కలిసి నడిచే పాసడీనా కమ్యూనిటీ జాబ్ సెంటర్ ఉన్నాయి. మంటల తరువాత వీధులు శుభ్రం చేయడానికి దిగినవాళ్లలో ఆ కూలీలున్నారు. పెంపుడు జంతువులకు పాసడీనా హ్యూమేన్, తిండికి లాస్ ఏంజెలెస్ రీజనల్ ఫుడ్ బ్యాంక్.

## సంస్థను పది నిమిషాల్లో తనిఖీ చేయడం

1. ఐఆర్‌ఎస్ వెబ్‌సైట్‌లో "టాక్స్ ఎగ్జెంప్ట్ ఆర్గనైజేషన్ సెర్చ్" తెరవండి. పేరుతో కాకుండా తొమ్మిది అంకెల ఈఐఎన్‌తో (సంస్థ పన్ను నంబరు) వెతకండి. మోసపు సంస్థల పేర్లు అసలు పేరుకు ఒక్క మాట అటూ ఇటుగా ఉంటాయి కాబట్టి పేరుతో వెతికితే కళ్లు మోసపోతాయి.
2. వచ్చిన పేరు, ఊరు సరిపోయాయా చూడండి. వరసగా మూడేళ్లు రిటర్న్ వేయని సంస్థలకు గుర్తింపు దానంతట అదే పోతుంది. ఆ రద్దయిన జాబితా కూడా అక్కడే ఉంది.
3. కాలిఫోర్నియా సంస్థయితే రాష్ట్ర అటార్నీ జనరల్ కార్యాలయం నడిపే ఛారిటీల రిజిస్ట్రీలో స్థితి చూడండి. "కరెంట్" అని ఉండాలి. "డెలింక్వెంట్", "సస్పెండెడ్", "రివోక్డ్" అని ఉంటే ఆ రాష్ట్రంలో చందాలు అడిగే అర్హత దానికి లేదు.
4. ఫారం 990 (సంస్థ ఏటా ఐఆర్‌ఎస్‌కు ఇచ్చే లెక్కల పత్రం) చదవండి. అంతా అక్కర్లేదు, మొదటి పేజీలో ఆదాయం, ఖర్చు, ఎన్నేళ్లుగా ఉందో చూస్తే చాలు. సంస్థలకు మార్కులేసే ఛారిటీ నావిగేటర్ సైటులో రేటింగ్ బాగుంటే మంచిదే. కొత్త సంస్థకు రేటింగ్ లేకపోవడం నేరం కాదు, పాత సంస్థకు లేకపోతే ఎందుకు లేదో ఆలోచించాలి.
5. ఇప్పుడు కీలకం. ఈఐఎన్ బహిరంగ సమాచారం. మోసగాడు రెడ్‌క్రాస్ ఈఐఎన్‌నే తన పేజీలో అంటించుకోవచ్చు. నంబరు నిజమని తేలిందంటే ఆ సంస్థ నిజమని అర్థం, మీ ముందున్న పేజీ దానిదేనని కాదు. అందుకే ఆ లింకు మూసేసి, సంస్థ అడ్రసు మీ చేత్తో టైపు చేసి, అక్కడి నుంచే ఇవ్వండి.

ఐదో అడుగు దాటవేసేవాళ్లే ఎక్కువ. 2025లో గోఫండ్‌మీ తనంతట తానే సుమారు 14 లక్షల స్వచ్ఛంద సంస్థల పేరు మీద, వాటిని అడగకుండా, డొనేషన్ పేజీలు తయారుచేసింది. విమర్శలు వచ్చాక క్షమాపణ చెప్పి వెనక్కి తగ్గింది. అది మోసం కాదు, అయినా ఒక సంస్థ పేరుతో పేజీ ఉన్నంత మాత్రాన దాన్ని ఆ సంస్థే పెట్టిందనుకోకూడదని చూపిస్తుంది.

గుళ్లు, చర్చిలు ఐఆర్‌ఎస్ జాబితాలో కనపడకపోవచ్చు. చట్ట ప్రకారం వాటికి దరఖాస్తు తప్పనిసరి కాదు. అలాంటప్పుడు బోర్డు సభ్యుల్ని నేరుగా అడగడమే మార్గం. "మాకు ఫలానా పెద్ద సంస్థ ఫిస్కల్ స్పాన్సర్" (అంటే తన గుర్తింపు కింద వీళ్ల తరఫున విరాళాలు తీసుకునే సంస్థ) అని చెప్పే కొత్త గ్రూపులుంటాయి. ఆ పెద్ద సంస్థ సైటులో ఈ గ్రూపు పేరు ఉందో లేదో చూడండి, లేకపోతే ఆగండి.

## గోఫండ్‌మీ: తెలిసిన కుటుంబమైతే దీన్ని మించింది లేదు

నేరుగా, త్వరగా, దాదాపు పూర్తిగా చేరే దారి ఇదే. మన తెలుగువాళ్లకు ఇది కొత్త కాదు. అమెరికాలో చదువుకునే పిల్లలకు ప్రమాదం జరిగినప్పుడు స్నేహితులు మొదట తెరిచేది ఈ పేజీనే. కార్చిచ్చు విషయంలో దీనికి ఇంకో కారణం కూడా ఉంది. హెచ్-1బి, ఎఫ్-1 వీసాల మీద ఉన్నవాళ్లకు అమెరికా కేంద్ర ప్రభుత్వ విపత్తు సంస్థ ఫీమా ఇచ్చే నగదు సాయం రాదు. ఇంట్లో అమెరికా పౌరసత్వం ఉన్న మైనర్ బిడ్డ ఉంటే ఆ బిడ్డ తరఫున దరఖాస్తు చేసుకోవచ్చు, లేకపోతే ఆ తలుపు మూసినట్టే. అద్దె ఇంట్లో ఉంటూ రెంటర్స్ బీమా లేని హెచ్-1బి కుటుంబానికి మిగిలేది తోటివాళ్ల చేయూతే.

పేజీలో చూడాల్సిన చోట్లు ఇవి.

"ఫలానా వారు, ఫలానా వారి తరఫున నిర్వహిస్తున్నారు" అన్న వరస వెతకండి. నిర్వాహకుడు వేరు, లబ్ధిదారు వేరు. లబ్ధిదారును పేజీకి జోడిస్తే డబ్బు నేరుగా బాధితుల బ్యాంకు ఖాతాకే వెళ్తుంది, నిర్వాహకుడి చేతికి రాదు. ఇలా జోడించని పేజీ అయితే, నిర్వాహకుడికి ఈ కుటుంబంతో సంబంధం ఏమిటో కథలో స్పష్టంగా ఉండాలి. "కాంటాక్ట్" బటన్ నొక్కి ఒక ప్రశ్న అడగండి. నిజమైనవాళ్లు ఒక రోజు ఆలస్యంగానైనా జవాబిస్తారు.

ఫొటోను రివర్స్ ఇమేజ్ సెర్చ్‌లో (అదే ఫొటో నెట్‌లో ఇంకెక్కడ ఉందో చూపించే వెతుకులాట) పెట్టండి. అసలు కుటుంబం ఫొటోలనే దొంగిలించి రెండో పేజీ తెరవడం పాత ఎత్తుగడ. ఒకే కుటుంబానికి రెండు పేజీలు కనిపిస్తే ఆ కుటుంబాన్ని ఎరిగిన మనిషి ద్వారా ఏది అసలుదో తేల్చుకునే దాకా దేనికీ ఇవ్వద్దు. ఏఐ బొమ్మల సంగతి సరేసరి. 2025 జనవరిలో హాలీవుడ్ అక్షరాల బోర్డు తగలబడుతున్న చిత్రాలు లోకమంతా తిరిగాయి, ఆ బోర్డుకు మాత్రం ఏమీ కాలేదు.

ఇల్లు కాలిందన్న మాటను సరిచూసుకునే దారి ఒకటుంది, చాలామందికి తెలీదు. కాలిఫోర్నియాలో పెద్ద మంటల తరువాత రాష్ట్ర అగ్నిమాపక శాఖ కాల్ ఫైర్ సిబ్బంది ఇంటింటికీ తిరిగి నష్టాన్ని నమోదు చేస్తారు. ఆ పటం అందరూ చూడొచ్చు. ఒక్కో కట్టడం మీద నొక్కితే ఏమీ కాలేదా, కొంచెం దెబ్బతిందా, 50 శాతానికి మించి పోయిందా అన్నది తెలుస్తుంది. వీధి పేరు చెప్పారంటే పటంలో ఆ వీధి చూడొచ్చు. పటం నిండటానికి కొన్ని రోజులు పడుతుంది కాబట్టి మొదటి రెండు రోజుల్లో కనపడలేదని అబద్ధం అనుకోకండి. ఇల్లు నిలబడినా పొగ, మసి వల్ల ఉండలేని ఇళ్లు కూడా చాలా ఉంటాయి.

ఖర్చు సంగతి. వంద డాలర్లిస్తే లావాదేవీ ఫీజు 2.9 శాతం, మీద 30 సెంట్లు పోయి 96 డాలర్ల 80 సెంట్లు చేరతాయి. దాని కింద టిప్ అని ఒక గీత ఉంటుంది, అందులో ముందే కొంత శాతం పెట్టి ఉంటుంది. అది గోఫండ్‌మీకి వెళ్తుంది, కుటుంబానికి కాదు. ఇష్టమైతే ఉంచండి, లేకపోతే సున్నాకు జరపండి. మోసమని తేలితే, ఇచ్చిన ఏడాదిలోపు అడిగినవాళ్లకు డబ్బు తిరిగిచ్చే హామీ ఆ సంస్థకుంది. "పేజీలో ఫీజు ఎక్కువ, నాకు నేరుగా జెల్ చేయండి" అని ఎవరైనా అంటే, మూడు డాలర్లకు ఆశపడి ఆ హామీ వదులుకున్నట్టే.

బాధిత కుటుంబం తరఫున పేజీ పెట్టేవాళ్లకు ఒక మాట. శీర్షికలో "ఇల్లు బాగుచేసుకోవడానికి" అని రాస్తే, అదే పనికి ఫీమా ఇచ్చే సాయంతో లెక్క ముడిపడి అది తగ్గే అవకాశం ఉంది. ఒకే నష్టానికి రెండు చోట్ల డబ్బు ఇవ్వకూడదన్నది వాళ్ల నియమం. "కుటుంబం నిలదొక్కుకోవడానికి" వంటి సాధారణ మాట నయం.

పెద్ద లోపం మాత్రం అలాగే ఉంది. స్నేహితులు, జీతాలు, ఇంగ్లీషు ఉన్నవాళ్ల పేజీలు నిండుతాయి. 70 ఏళ్లు దాటి, ఫోను సరిగా వాడటం రాని ఆల్టడీనా వృద్ధురాలి పేజీ ఎక్కడుందో ఎవరికీ తెలీదు. తెలిసిన కుటుంబం లేనివాళ్లు పేజీలు వెతుక్కుంటూ పోవద్దు, లోకల్ ఫౌండేషన్‌కు ఇవ్వండి.

## తెలుగు సంఘం, గుడి, వాట్సాప్ చందా

మనకు బాగా అలవాటైన దారి ఇది, లెక్కలు ఎక్కువగా తప్పేదీ ఇక్కడే. దురుద్దేశం ఉండనక్కర్లేదు, పద్ధతి లేకపోతే చాలు.

నలభై కుటుంబాలున్న గ్రూపులో తలా 50 డాలర్లు వేశారనుకుందాం. ఒకరి సొంత ఖాతాకు జెల్ చేస్తే 2,000 పోగవుతుంది. ఆయన దాన్ని రెడ్‌క్రాస్‌కు ఇస్తే రసీదు ఆయన పేరున వస్తుంది, మిగతా 39 మందికి ఏ కాగితమూ ఉండదు. మ్యాచింగ్ అడిగితే ఆయన కంపెనీ నియమాలకు అది విరుద్ధం కావచ్చు, ఎందుకంటే సాధారణంగా సొంత డబ్బుకే మ్యాచింగ్ ఇస్తారు. అదే నలభై మందీ ఒకే లింకు పంచుకుని, ఎవరికి వారు బెనెవిటీ వంటి తమ ఆఫీసు పోర్టల్ ద్వారా ఇస్తే, సగం మందికి మ్యాచింగ్ ఉన్నా 3,000 అవుతుంది. చందా పోగు చేయడం కంటే లింకు పంచడమే లాభం.

నమోదైన సంఘమైతే మూడు ప్రశ్నలు అడగండి. గుర్తింపు 501(సి)(3)యా, లేక వేరే విభాగమా? సాంస్కృతిక సంఘాలన్నీ ఈ విభాగంలోకే రావు. ఖాతా సంఘం పేరున ఉందా, కోశాధికారి పేరున ఉందా? మిగిలిన డబ్బు ఏమవుతుంది? ఇంకో చిక్కు ఉంది. "ఈ డబ్బు ఫలానా కుటుంబానికే" అని పేరుపెట్టి సంఘానికి ఇస్తే ఐఆర్‌ఎస్ దాన్ని విరాళంగా చూడదు, ఒక వ్యక్తికి ఇచ్చిన బహుమతిగా చూస్తుంది. పన్ను రసీదు ఇస్తామని చెప్పి ఒకే కుటుంబం కోసం వసూలు చేసే సంఘం మంచి మనసుతోనే తప్పు చేస్తోందన్నమాట. ఆ కుటుంబానికే ఇవ్వాలంటే గోఫండ్‌మీ పెట్టండి, పన్ను సంగతి వదిలేయండి. బాధితులందరి కోసమైతే సంఘం ద్వారా ఇవ్వండి.

"మా కజిన్ కొలీగ్ ఇల్లు కాలింది" అన్న ఫార్వర్డ్ వచ్చినప్పుడు మొదట పెట్టినవాళ్లు ఎవరో వెనక్కి వెళ్లి అడగండి. ఇద్దరు దాటాక "నాకూ ఫార్వర్డ్ వచ్చింది" అన్న జవాబే వస్తే అక్కడ ఆపేయాలి. పెట్టినవాళ్లు తెలిసినవాళ్లే అయినా ఒకసారి ఫోను చేసి గొంతు వినండి, హ్యాక్ అయిన ఖాతాల నుంచి వచ్చే మెసేజ్‌లు కూడా తెలిసిన పేరుతోనే వస్తాయి.

హైదరాబాదులోనో విజయవాడలోనో ఉండి అమెరికా మంటలకు ఇవ్వాలనుకునేవాళ్లకు: అక్కడి సంస్థకు ఇస్తే 80జి మినహాయింపు రాదు. "లాస్ ఏంజెలెస్ బాధితుల కోసం" అని ఇక్కడి యూపీఐ నంబరుకు అడిగితే దాదాపుగా మోసమే. అక్కడి సంస్థ సైటుకే కార్డుతో ఇవ్వొచ్చు కదా, మధ్యలో ఈ నంబరు ఎందుకు?

## వస్తువులు

పాత బట్టలు పంపకండి. 2025లో ఆర్కేడియాలోని శాంటా అనితా గుర్రపు పందేల మైదానం దగ్గర బట్టలు గుట్టలుగా పేరుకుపోయాయి, వాటిని ఏరడానికే వాలంటీర్లు సరిపోలేదు. ఆ సంస్థ ఆ రోజు జాబితా పెట్టి అడిగిన వస్తువులు, అదీ కొత్తవి, ఇవ్వండి. తెలిసిన కుటుంబమైతే టార్గెట్, కాస్ట్కో గిఫ్ట్ కార్డును చేతికివ్వడం బాగుంటుంది. గిఫ్ట్ కార్డు కోడ్ ఫోనులో చదవమనే వాళ్లు మాత్రం మోసగాళ్లే.

డబ్బు కాకుండా పనికొచ్చేది మన వాళ్లకు కాగితాల సాయం. పాస్‌పోర్టులు, ఐ-797 (వీసా ఆమోద పత్రం) కాలిపోతే వాళ్లకు ఏం చేయాలో తోచదు. ఐ-94 (దేశంలోకి వచ్చిన నమోదు) ఆన్‌లైన్‌లో ఉచితంగా దిగుతుంది, ఐ-797 నకలుకు ఐ-824 ఫారం, భారత పాస్‌పోర్టుకు విఎఫ్‌ఎస్. ఈ మూడింటికీ పక్కన కూర్చుని ఫారాలు నింపించినవాళ్లను ఆ కుటుంబం మర్చిపోదు.

## మీ పరిస్థితికి ఏది

కంపెనీ మ్యాచింగ్ ఉండి, ఎవరూ తెలియనివాళ్లు: మొదటి వారంలో సగం జాతీయ సంస్థకు, మిగతా సగం ఆరు నెలల తరువాత లోకల్ ఫౌండేషన్‌కు. మ్యాచింగ్ గడువు చాలా కంపెనీల్లో ఏడాదితో ముడిపడి ఉంటుంది కాబట్టి క్యాలెండరులో గుర్తు పెట్టుకోండి.

తెలిసిన కుటుంబం ఉన్నవాళ్లు: గోఫండ్‌మీ, లేదా నేరుగా చెక్కు. 2025లో ఒక వ్యక్తికి 19,000 డాలర్ల దాకా ఇచ్చిన బహుమతికి ఏ ఫారమూ నింపక్కర్లేదు.

పన్ను కోసం చూసేవాళ్లు: 2025కు భార్యాభర్తల ఉమ్మడి స్టాండర్డ్ డిడక్షన్ (లెక్కలు చూపకుండానే అందరికీ వచ్చే తగ్గింపు) 31,500 డాలర్లు. ఇంటి వడ్డీ, స్థానిక పన్నులు, విరాళం కలిపినా అది దాటకపోతే విరాళం వల్ల పన్నులో తేడా రాదు. 2026 నుంచి ఐటమైజ్ చేయనివాళ్లకు (ఖర్చులు విడివిడిగా చూపనివాళ్లకు) కూడా ఒంటరిగా 1,000, జంటగా 2,000 డాలర్ల దాకా నగదు విరాళాలకు మినహాయింపు ఉంది. ఒకేసారి 250 డాలర్లు లేదా అంతకు మించి ఇస్తే బ్యాంకు స్టేట్‌మెంట్ చాలదు, సంస్థ ఇచ్చిన రాతపూర్వక రసీదు ఉండాలి.

చదువుకునే పిల్లలు, పది డాలర్లే ఇవ్వగలిగినవాళ్లు: ఫుడ్ బ్యాంక్. చిన్న మొత్తానికి ఫీజు, తనిఖీ శ్రమ రెండూ తగ్గించే దారి అదే.

## మోసపోయామని తెలిస్తే

వెంటనే కార్డు కంపెనీకి ఫోను చేయండి. జెల్ అయితే బ్యాంకుకు, గోఫండ్‌మీ అయితే పేజీలోనే ఉన్న ఫిర్యాదు బటన్‌కు. ఆ తరువాత విపత్తు మోసాల కోసమే 2005లో కత్రీనా తుపాను తరువాత ఏర్పడ్డ నేషనల్ సెంటర్ ఫర్ డిజాస్టర్ ఫ్రాడ్‌కు 866-720-5721లో చెప్పండి. ఆన్‌లైన్ మోసమైతే ఎఫ్‌బీఐ వారి ఫిర్యాదుల సైటు ఐసీ3లో, వినియోగదారుల రక్షణ చూసే ఎఫ్‌టీసీ సైటులో కూడా ఫిర్యాదు రాయండి. పేజీ స్క్రీన్‌షాట్లు, ఫోన్ నంబర్లు, లావాదేవీ నంబరు ముందే దాచుకోండి, ఫిర్యాదు చేసేలోగా పేజీ మాయమవుతుంది. అన్నీ సవ్యంగా జరిగినా తరువాతి నెల కార్డు స్టేట్‌మెంట్ ఒకసారి చూడండి. కొన్ని డొనేషన్ పేజీల్లో "ప్రతి నెలా" అన్న గడి ముందే టిక్ పెట్టి ఉంటుంది.